ఆరు సెకన్ల కాంక్రీట్

హరికిషన్ మోండా మార్కెట్‌లో కొత్తిమీర బేరమాడుతూ చనిపోయాడు.

ఆదివారం, పదకొండు దాటి పది నిమిషాలు. దోమ కుట్టినట్టు మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. కమలాబాయి కూరల గంపల మీదికి ఒరిగాడు, అంతే. జనం మూగారు. ఒకాయన ముఖాన నీళ్లు చల్లాడు, ఇంకొకాయన చొక్కా గుండీలు విప్పాడు, మూడో ఆయన నాడి కూడా చూడకుండానే గుండెపోటని తీర్పు చెప్పేశాడు. ముప్పై నాలుగేళ్ల మనిషికి గుండెపోటు! ఆ తోపులాటలో అతని జేబులోని ఫోను మాయమైంది. చేతిలోని సంచీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. బీరకాయల సంచీ ఎవరికి కావాలి?

సరిగ్గా ఆ సమయానికి, కిలోమీటరు దూరంలోని చర్చిలో, ఫెయిత్ అనే ఆవిడ మూడో బెంచీ దగ్గర నిలబడి కీర్తన అందుకుంటోంది. ఫోను సైలెంట్‌లో ఉంది. ఆరాధన ముగిసి, చెప్పులు వేసుకుంటూ చూసుకుంటే ఒక్కటే మెసేజ్. "అక్కా, దొరికింది. మోండాల ఉన్న. జెల్ది రా." పది ఇరవై ఎనిమిదికి వచ్చింది.

ఆమె ఉరుకుల పరుగుల మీద ఆటో ఎక్కింది.

ఫెయిత్‌కి నలభై ఏళ్లు. ఇరుగుపొరుగుకి ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసు ఉద్యోగిని. నిజానికి పద్నాలుగేళ్లుగా గూఢచారి విభాగంలో ఫీల్డ్ ఏజెంట్. యాప్రాల్ దాటాక సైన్యం కోసం కడుతున్న భూగర్భ కమాండ్ గదికి హరికిషన్ క్వాలిటీ ఇంజనీరు. అతన్ని ఈ పనిలోకి దింపింది ఆమే. "తేడా కనిపిస్తే ఒక్క మెసేజ్ పెట్టు తమ్మీ. నేనొస్తా. నీకేం కానియ్య" అని మాటిచ్చింది. అతను మెసేజ్ పెట్టాడు. ఆమె పాట పాడుతూ నిలబడింది.

మార్కెట్‌కి చేరేసరికి అంబులెన్స్ వెళ్లిపోయింది. కమలాబాయి చెదిరిన టమాటాలు ఏరుకుంటోంది. ఫెయిత్ వాలకం చూసి తనే అడిగింది.

"నువ్వేనా అక్కవు?"

ఫెయిత్ తలూపింది.

"పడంగనే ఒకటే మాటన్నడు బిడ్డా. అక్క వస్తది, సంచీ ఆమెకే ఇయ్యి అన్నడు. బీరకాయల కింద ఏం పెట్టిండమ్మా? లేపబోతే నా నడుం పట్టింది."

బీరకాయల కింద ఒక కాంక్రీట్ క్యూబ్ ఉంది, నాణ్యత పరీక్ష కోసం పోసే దిమ్మ. జానెడు కంటే చిన్నది, కానీ ఎనిమిది కిలోలు. ఒక ముఖం మీద మార్కర్‌తో ఒకే అంకె రాసి ఉంది: 6.2.

* * *

రెజిమెంటల్ బజార్‌లో ఒక మేడ మీద టైప్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఈ రోజుల్లో టైపు ఎవరు నేర్చుకుంటారని అడగొచ్చు. ఎవరూ నేర్చుకోరు. అందుకే విభాగం దాన్ని అద్దెకు తీసుకుంది.

"లోయరా, హయ్యరా?" కౌంటర్ దగ్గరి పెద్దావిడ అడిగింది.

"షార్ట్‌హ్యాండ్. సగంలో మానేశాను."

వెనక తలుపు క్లిక్‌మంది.

లోపల చీఫ్ డేవిడ్ రాజు బల్ల మీద క్యూబ్ రెండు చెక్కలై ఉంది. మచిలీపట్నం మనిషి. మాట మెత్తన, చూపు కత్తి. ఆ రోజు మాట కూడా మెత్తగా లేదు.

"ఈ రాయి చూడమ్మా."

కంకర మధ్య ఒక రాయి రాయి కాదు. కంకర రంగు పూసిన పింగాణీ పెంకు. లోపల వెంట్రుక కంటే సన్నటి తీగలు.

"చెవి ఇది," అన్నాడు డేవిడ్ రాజు. "పన్నెండు మిల్లీమీటర్లు. గోడలో కూర్చుందంటే పదేళ్లు వింటుంది, విన్నది సరిహద్దు దాటిస్తుంది. చువ్వలు కట్టాక ఆర్మీవాళ్లు గోడని అంగుళం అంగుళం స్కాన్ చేస్తారు. ఆ తర్వాత పోసే కాంక్రీట్‌ని ఎవరు స్కాన్ చేస్తారు?"

"కాంక్రీట్ పోసేటప్పుడు వైబ్రేటర్ దింపుతారు కదా సర్? ఇది పగలదా?"

"అక్కడే ఉంది కిటుకు. మామూలు కాంక్రీట్‌కి గాలి పోవడానికి వైబ్రేటర్ కావాలి. ల్యాబ్‌లో చూశాం, వైబ్రేటర్ నీడిల్, అదే ఆ వణికే కడ్డీ, జానెడు దూరంలోకి రాగానే ఈ పెంకు కోడిగుడ్డులా పోయింది. కానీ అక్కడ పోసేది సెల్ఫ్ కన్సాలిడేటింగ్ కాంక్రీట్. తనంతట తానే పారుతుంది, చువ్వల సందుల్లో దూరుతుంది, తానే సర్దుకుంటుంది. వైబ్రేటర్ ముట్టించకూడదు. ముట్టిస్తే రాళ్లు అడుక్కి, గుజ్జు పైకి. గోడ పాడైపోతుంది."

ఆ పెంకుని గోటితో తట్టాడు. "గోడలకు చెవులుంటాయని మా అమ్మమ్మ అంటూ ఉండేది. ఆవిడ ఉత్తినే అనేది."

ఈ పని వెనక ఉన్న విదేశీ ముఠాకి విభాగం పెట్టిన పేరు 'అద్దం'. ఆ ముఠాలో విభాగానికి ఒక మనిషి ఉంది, క్యారల్. కాంక్రీట్‌లో కలిపే రసాయనాల మీద కన్సల్టెంట్‌గా సింగపూర్ నుంచి వచ్చింది. చీర కట్టినా జీన్స్ వేసినా పది కళ్లు ఆమె వెంటే తిరుగుతాయి. ఆరేళ్లుగా 'అద్దం' రహస్యాలు విభాగానికి మోస్తోంది. ఒక్కటీ తప్పలేదు.

"క్యారల్ రిపోర్ట్ వచ్చింది," అన్నాడు డేవిడ్ రాజు. "మంగళవారం పోతలో మూడో లారీ. కాంక్రీట్‌లో ఒక స్టీల్ పెట్టె, లోపల వినే యంత్రం."

"ఆమె పెట్టె అంటోంది. హరికిషన్ రాయి తెచ్చాడు."

"ఆరేళ్లమ్మా. ఆరేళ్లు తప్పలేదు."

"ఈ రాయి సంగతి ఆమెకి చెప్పకండి సర్."

డేవిడ్ రాజు కళ్లజోడు తీసి తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "సరే. ల్యాబ్‌కి, నాకు, నీకు. అంతే."

"పోత ఆపేస్తే?"

"ఆపితే ఇంకో గోడ, ఇంకో ఊరు చూసుకుంటారు. ఆ కుర్రాణ్ని చంపిందెవరో మనకి ఎప్పటికీ తెలీదు. పోయనివ్వాలి. పోస్తుండగా పట్టుకోవాలి." గొంతు తగ్గించాడు. "తప్పిపోతే, ఆ గదిలో కూర్చుని ఏ జవాను ఏ కొండకి ఎప్పుడు వెళ్లాలో మనవాళ్లు చెప్పుకుంటారు. కొండ మీద అవతలివాళ్లు ముందే కూర్చుని ఉంటారు."

డ్రాయర్‌లోంచి ఒక స్టాప్‌వాచ్ తీసి ఇచ్చాడు. టైము చూపిస్తుంది. బటన్ మూడుసార్లు గబగబా నొక్కితే గేటు బయట వ్యాన్‌లో ఉన్న ఎనిమిది మంది కదులుతారు.

* * *

సోమవారం పొద్దున సైట్‌లో కొత్త ల్యాబ్ టెక్నీషియన్ చేరింది. పేరు రోసమ్మ. నూనె పెట్టి బిగించిన జడ, పాత పంజాబీ డ్రెస్, మెడలో ఐడీ కార్డు. ఫెయిత్‌ని కన్నతల్లి చూసినా గుర్తుపట్టేది కాదు.

ఆమెకి పని నేర్పే బాధ్యత కాంక్రీట్ మేస్త్రీ సోమయ్య మీద పడింది. అరవై రెండేళ్లు. ముప్పై ఏళ్ల వైబ్రేటర్ మోత ఆయన చెవులు రెంటినీ తినేసింది. మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి, చేతులు ఊపాలి.

"ఇది కాంక్రీట్ కాదు బిడ్డా, అంబలి," అన్నాడు అసహ్యంగా. "ఇండ్ల సుత మూడు రకాలంట. పిండి, గదే సిమెంటు బూడిద, మస్తు పోస్తే ఓటి. పిండి తగ్గించి జిగట మందు పోస్తే ఓటి. రెండూ జెర జెర పోస్తే ఇంగోటి. మనది పిండి రకం. గిట్ల చూడు."

నేల మీద ఇనుప పలక. పలక మీద యాభై సెంటీమీటర్ల గుండ్రటి గీత. మధ్యలో స్లంప్ కోన్, అంటే రెండు పిడులున్న ఇనుప గరాటు. దాన్నిండా కాంక్రీట్ పోసి, కోన్ పైకి లేపితే ఆ బూడిదరంగు ముద్ద తనంతట తానే పలక మీద పరుచుకుంది. గీతని తాకేదాకా స్టాప్‌వాచ్ నడపాలి.

"మూడు సెకండ్లు," అంది ఫెయిత్.

"గంతే. పిండి రకం ఉరుకుతది. జిగట రకమైతే నిమ్మలంగ నడుస్తది. ఆరు, ఏడు."

ఫెయిత్ చేతిలోని వాచ్ వైపు చూసుకుంది. క్యూబ్ మీద రాసిన అంకె 6.2. అసలు పోతకి ముందే ఎవరో ట్రయల్ మిక్స్‌లో జిగట రకం కలిపి చూశారు. పింగాణీ పెంకు తేలిక. ఉరికే పిండి రకంలో వేస్తే పైకి తేలి బయటపడుతుంది. జిగటలో వేస్తే ఎక్కడిదక్కడే ఉంటుంది. హరికిషన్ అది గడియారంలో చూశాడు, క్యూబ్ పోశాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు.

"అదేంది మేస్త్రీ?" మూల వైపు చూపించింది, మాట మార్చడానికి.

అక్కడ ఒక పాత వైబ్రేటర్ ఉంది. మోటారుకి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎండిపోయిన బంతిపూల దండ వేసి ఉంది. దసరాకి చేసిన ఆయుధపూజ ఇంకా వదల్లేదు.

"నా పెద్దకొడుకు!" సోమయ్య ముఖం వెలిగింది. "ఈడ పనిలేదు, స్టోరుకు పంపు అని అందరు నవ్వుతరు. నేన్ పంప. అది పక్కన లేకుంటే నాకు పోత పోత లెక్కనే ఉండదు. ఎంత పోసినా, అయిపోయినంక సుత, మూలకు ఓటి ఏస్త. మూలల గాలి దాక్కుంటది. ముప్పై ఏండ్లసంది గదే అలవాటు."

వెనక నుంచి నవ్వు వినిపించింది. క్యారల్. రోసమ్మ అసలు ఎవరో ఆమెకి తెలుసు. తెల్ల హెల్మెట్ కింద నల్ల కళ్లద్దాలు, చేతికి ఖరీదైన స్మార్ట్ వాచ్.

"రేపు ఆ దండ తీసేయించు రోసమ్మా. ఇన్‌స్పెక్షన్‌కి పెద్దవాళ్లొస్తారు," అని, పక్కకి వచ్చి పెదాలు కదలకుండా అంది, "మూడో లారీ. గుర్తుంది కదా? హరికిషన్ సంగతి విన్నాను. చాలా బాధేసింది."

ఆమె కళ్లద్దాల్లో ఫెయిత్‌కి తన ముఖమే రెండుసార్లు కనిపించింది.

* * *

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ చువ్వల మీద పడి కళ్లలో పొడుస్తోంది. గోడకి ఇరువైపులా షట్టరింగ్ పలకలు బిగించారు. పది అడుగుల ఎత్తున పలకల మీద సోమయ్య, ఆయన వెనక మూలన దండేసిన వైబ్రేటర్. కింద టెస్ట్ పలక దగ్గర ఫెయిత్, ఆమె పక్కనే క్యారల్. ఐదు లారీలు రావాలి. రెండున్నరకి గోడ నిండాలి.

మొదటి లారీ. మూడు సెకన్లు. పంపు బుసలు కొడుతూ పోసింది.

రెండో లారీ. మూడు.

మూడో లారీ గేటు దాటగానే ఆర్మీవాళ్లు చుట్టుముట్టారు. పక్కకి తీసుకెళ్లి డ్రమ్ము తిరగేశారు. చెప్పినట్టే పెట్టె దొరికింది. మెరిసే స్టీల్, చెప్పుల డబ్బా అంత. క్యారల్ గట్టిగా ఊపిరి వదిలింది.

"ఆరేళ్లు, ఫెయిత్. ఈ పెట్టె కోసం ఆరేళ్లు."

అందరి భుజాలూ ఒక్కసారి తేలికపడ్డాయి. ఒకాయన అప్పుడే చాయ్ చెప్పాడు. ఫెయిత్ భుజాలు మాత్రం దిగలేదు. అంత తేలిగ్గా దొరికే పెట్టె కోసం ఎవరైనా మనిషిని చంపుతారా?

నాలుగో లారీ. మూడు.

ఐదో లారీ. చీటీలో పిండి రకమనే ఉంది. ఫెయిత్ కోన్ లేపింది. బూడిదరంగు ముద్ద తొందరపడలేదు. పాకంలా, బద్ధకంగా, అంచులు ముడుచుకుంటూ గీత వైపు నడిచింది.

ఆరు పాయింట్ రెండు.

తలెత్తేలోపే క్యారల్ పంపు ఆపరేటర్‌కి బొటనవేలు చూపించింది. పంపు మొదలైపోయింది.

"మేడం, ఆరు వచ్చింది."

"ఎండ," అంది క్యారల్ తాపీగా. "లారీ ఫ్లైఓవర్ కింద గంట ఇరుక్కుంది. వేడికి బిగుసుకుంది. నేను సంతకం పెడతాలే."

అతికినట్టే ఉంది జవాబు. ఆరు సెకన్లు చూపించి సైన్యం గోడని కూల్చమంటే నవ్విపోతారు. ఆరేళ్ల నమ్మకం ఒక వైపు, మూడు సెకన్ల తేడా ఒక వైపు. గొట్టంలోంచి చివరి కాంక్రీట్ జారుతోంది. ఫెయిత్‌కి హరికిషన్ మెసేజ్ కళ్లముందు కదిలింది. ఈసారి ఆలస్యం చెయ్యదలుచుకోలేదు.

రెండు చేతులూ ఊపింది. సోమయ్య కిందికి చూశాడు. ఫెయిత్ మూలనున్న వైబ్రేటర్ని చూపించి, వేలు కిందికి దించి, గడగడా వణికించింది.

సోమయ్య నమ్మలేకపోయాడు. "నిజమేనా? ఏస్తనా?"

"ఎయ్యి!"

ముసలాయన ముప్పై ఏళ్లు తగ్గిపోయాడు. దండతో సహా మోటారు మోత మొదలైంది. నీడిల్ గోడలోకి దిగింది.

"వద్దు!" క్యారల్ గొంతు చీలింది. "ఆపమను! పగిలిపోతాయి!"

ఫెయిత్ నెమ్మదిగా ఆమె వైపు తిరిగింది. బటన్ మీద ఆమె బొటనవేలు మూడుసార్లు కదిలింది.

"ఏం పగులుతాయి మేడం?"

క్యారల్ చేతిలోని డ్రాయింగ్ కాగితాల చుట్టని దగ్గరికి లాక్కుంది.

"కాంక్రీట్ తెలిసినవాళ్లు రాళ్లు దిగిపోతాయని అరుస్తారు. గోడ ఖరాబైతదని అరుస్తారు. ఇంకా జావలా ఉన్న గోడలో పగలడానికి ఏముంది? నీ రిపోర్ట్‌లో స్టీల్ పెట్టె ఒక్కటే. అది కూడా దొరికిపోయింది."

చుట్టిన డ్రాయింగ్ కాగితాల లోంచి చిన్న పిస్టల్ మూతి బయటికొచ్చి ఫెయిత్ పక్కటెముకలకి ఆనింది. వైబ్రేటర్ మోతలో పక్కన నిలబడ్డవాడికి కూడా ఏమీ వినిపించదు.

"ఆపమను వాణ్ని," క్యారల్ పళ్ల మధ్య నుంచి అంది. "హరికిషన్‌కి పట్టింది రెండు సెకన్లు. నీకు ఒక్కటి చాలు."

"నేను చెప్పినా ఆయనకి వినబడదు. నువ్వే చెప్పి చూడు."

క్యారల్ అరిచింది. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో అరిచింది. సోమయ్య వీపు ఇటు పెట్టి, కొడుకుకి నీళ్లు పోసినంత మురిపెంగా నీడిల్‌ని అడుగు అడుగునా దించి లేపుతున్నాడు. క్యారల్ మణికట్టు మీది వాచ్‌లో పన్నెండు పచ్చ చుక్కలున్నాయి, గోడలోని ఒక్కో చెవికి ఒకటి. ఫెయిత్ చూస్తుండగానే ఒకటి ఆరిపోయింది. తర్వాత రెండు. తర్వాత వరసగా.

ఐదు. నాలుగు. రెండు.

ఒకటి.

మోత ఆగింది. సోమయ్య నీడిల్ బయటికి లాగి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చివరి చుక్క పచ్చగా వెలుగుతూనే ఉంది.

క్యారల్ పెదాల మీద నవ్వు తిరిగొచ్చింది. "ఒక్కటి చాలు మాకు. ఒక్క చెవి చాలు."

గేటు దగ్గర వ్యాన్ తలుపులు తెరుచుకున్న చప్పుడు. అక్కణ్నుంచి ఇక్కడికి వంద గజాలు. ఫెయిత్ కన్నార్పకుండా సోమయ్యనే చూస్తోంది. నడు మేస్త్రీ. ముప్పై ఏండ్ల అలవాటు. నడు.

సోమయ్య తువ్వాల భుజాన వేసుకున్నాడు. దిగబోయాడు. ఆగాడు. తల గోక్కున్నాడు.

"మూలకు ఓటి," అని తనలో తనే గొణిగి, మళ్లీ మోటారు మీట వేశాడు.

పిస్టల్ ఫెయిత్ పక్కటెముకలు వదిలి పైకి, ఆ ముసలి వీపు మీదికి లేచింది. ఫెయిత్ వంగింది. చేతికందిన స్లంప్ కోన్ రెండు పిడులూ పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి, క్యారల్ మణికట్టు మీద కొట్టింది. గుండు షట్టరింగ్ పలకలోకి దిగింది. పిస్టల్ పక్కనున్న బకెట్‌లోని జిగట కాంక్రీట్‌లో పడి నిమ్మళంగా మునిగిపోయింది. ఆ వెనకే క్యారల్ మోకాళ్ల మీద కూలింది.

అద్దం పగిలిన వాచ్‌లో చివరి చుక్క ఒకసారి మిణుకుమని ఆరిపోయింది.

* * *

క్యారల్ పెన్నులో విషం పూసిన సన్నటి సూది దొరికింది. హరికిషన్ మెడ మీది గాయానికి అది సరిగ్గా సరిపోయింది. ఆమె ఫోనులోంచి సాయంత్రానికల్లా నలుగురి పేర్లు బయటికొచ్చాయి. గోడని ఎలాగూ కూల్చేస్తారు, వైబ్రేటర్ తిన్న ఆ గోడ దేనికీ పనికిరాదు. ఆ మాట సోమయ్యకి ఎలా చెప్పాలో ఎవరికీ తోచలేదు.

డేవిడ్ రాజు వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆవిడ ఆపమని అంత అరిచింది కదా పెద్దాయనా, భయం వెయ్యలేదా?"

"ఏందీ?" అన్నాడు సోమయ్య, చెవి దగ్గర చెయ్యి పెట్టి.

ఫెయిత్ తిరుగుదారిలో మోండా మార్కెట్ దగ్గర దిగింది. కమలాబాయి దగ్గర కొత్తిమీర కట్ట కొంది, బేరమాడలేదు. "నీ తమ్ముడికి ఏమైందన్నరు బిడ్డా?" అని ఆమె అడిగింది. ఫెయిత్ అక్కడే నిలబడి ఏడ్చింది. తర్వాత ఫోను తీసి, సైలెంట్ తీసేసింది. ఇక ఎప్పటికీ పెట్టదు.

ఆ సాయంత్రం టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో రిపోర్ట్ రాసి డేవిడ్ రాజు ముందు పెట్టింది. ఆయన ఆఖరి వాక్యం రెండుసార్లు చదివి, ఆదివారం తర్వాత మొదటిసారి నవ్వి, సంతకం పెట్టాడు. అందులో ఇలా ఉంది:

"గోడకు చెవులు పెట్టడానికి ఆరేళ్లు కష్టపడినవాళ్లు, మేస్త్రీకి చెవులున్నాయో లేవో చూసుకోవడం మరిచిపోయారు."